కేంద్ర బలగాలకు సరుకు ఇచ్చాం, డబ్బు రాలేదు: ఎవరిని, ఎలా, ఎంతవరకు అడగొచ్చు?

ముందు మీ ప్రశ్న సంగతి. నరసన్నపేట దగ్గర మీది క్యాటరింగ్, షామియానా వ్యాపారం. 2024 ఎన్నికలప్పుడు మీ ఊరి కల్యాణ మండపంలో దిగిన కేంద్ర బలగాల కంపెనీకి ఏప్రిల్ 18 నుంచి మే 14 దాకా, 27 రోజులు సరఫరా చేశారు. కూరగాయలు, కిరాణా 2,46,000. షామియానా, కుర్చీలు, జనరేటర్ 2,38,000. వాటర్ క్యాన్లు 54,000. మీ మినీ వ్యాను బాడుగ 1,08,000. కంపెనీ హఠాత్తుగా కదిలిపోవడంతో కుళ్లిపోయిన కూరగాయలు 38,000. అంతా కలిపి 6,84,000. 2025 జనవరిలో 1,50,000 ఖాతాలో పడింది, దేనికో ఎవరూ చెప్పలేదు. రాతపూర్వక ఆర్డరు లేదు. ఎవరిని అడిగినా మాకు సంబంధం లేదంటున్నారు. మీరేమో బయట 2 రూపాయల వడ్డీకి తెచ్చారు. అసలు, వడ్డీ, నష్టం మూడూ ప్రభుత్వం నుంచి రాబట్టొచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. సరుకు ధర, అద్దె, బాడుగ రాబట్టుకోవచ్చు, ఆర్డరు కాగితం లేకపోయినా సరే. బయట మీరు కట్టిన 2 రూపాయల వడ్డీ రాదు. కుళ్లిన కూరగాయల సొమ్ము ఒక్క షరతు మీద వస్తుంది, అది కింద చెబుతాను. కానీ 6,84,000 అని ఒకే బిల్లు పట్టుకుని తిరిగినంత కాలం ఏ ఆఫీసులోనూ పని కాదు. ఎందుకంటే అది ఒక బాకీ కాదు. ముగ్గురు వేరువేరు బాకీదారులు పడ్డ మూడు బాకీలు. ఒక్కో ఆఫీసులో గుమస్తా మీ బిల్లు చూసి, అందులో తమది కాని పద్దు ఒకటి కనబడగానే మొత్తం వెనక్కి ఇచ్చేస్తాడు. మీకు జరుగుతున్నది అదే.

మొదటి కుప్ప: మెస్ సరుకు. కూరగాయలు, కిరాణా ప్రభుత్వం కొన్నవి కావు. కేంద్ర బలగాల జవాన్లకు రేషన్ మనీ అలవెన్సు విడిగా వస్తుంది. దాన్ని పోగేసి కంపెనీ మెస్ వాళ్లే నడుపుకుంటారు. కాబట్టి 2,46,000 బాకీ ఉన్నది ఆ కంపెనీ మెస్. మన జిల్లా కలెక్టర్ కాదు, ఎస్పీ కాదు. దీన్ని అడగాల్సింది ఆ కంపెనీ ఏ బెటాలియన్‌దో ఆ బెటాలియన్ కమాండెంట్‌ని. కంపెనీ ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నా బెటాలియన్ హెడ్‌క్వార్టర్స్‌కి చిరునామా ఉంటుంది. మీ దగ్గర బెటాలియన్ నంబరు లేకపోతే, ఆ కంపెనీకి జత చేసిన స్థానిక పోలీసు లైజన్ ఆఫీసర్ ఎవరో మీ స్టేషన్‌లో కనుక్కోండి. ఏ కంపెనీ ఏ తేదీన ఎక్కడ దిగిందో, ఎప్పుడు కదిలిందో ఆ లెక్క ఎస్పీ ఆఫీసులో ఉంటుంది.

మెస్ బాకీకి సాక్ష్యం మీ దగ్గరున్న చీటీలే. అలాంటి చీటీ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. లాంగ్ నోట్‌బుక్కు నుంచి చింపిన సగం కాగితం, దాని మీద హిందీలో 'ఆలూ 25 కిలో, ప్యాజ్ 15 కిలో, టమాటర్ 20 కిలో', కింద ఒక గీత సంతకం. పేరు లేదు, ర్యాంకు లేదు, ఫోర్స్ నంబరు లేదు, కంపెనీ అక్షరం లేదు, చాలాసార్లు తేదీ కూడా ఉండదు. ఇది ఉత్త కాగితం కాదు గానీ, ఒంటరిగా నిలబడదు. దానికి తోడు కావాలి: మెస్ కమాండర్‌తో వాట్సాప్ సందేశాలు, ఫోన్‌పేలో వచ్చిన చిన్న చిన్న మొత్తాలు, ఆ రోజు మార్కెట్‌లో మీరు కొన్న పట్టీ, మీ రోజువారీ చిట్టా. తేదీల వారీగా వీటిని ఒకే వరసలో పెట్టి, ప్రతి రోజుకీ ఒక పేజీ చేయండి. 27 రోజులకి 27 పేజీలు. కమాండెంట్‌కి పంపేది ఈ కట్ట జిరాక్సు. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి.

రెండో కుప్ప: షామియానా, కుర్చీలు, జనరేటర్, నీళ్లు. బలగాలకు వసతి, నీళ్లు, కరెంటు చూడాల్సింది జిల్లా యంత్రాంగం. ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒకటే: మిమ్మల్ని పిలిచి చెప్పింది ఎవరు? తహసీల్దారో రిటర్నింగ్ ఆఫీసరో చెబితే అది ఎన్నికల ఖర్చు, ప్రభుత్వ లెక్కల్లో దాని పద్దు నంబరు 2015. పోలీసులు చెబితే చాలామటుకు పోలీసు పద్దు 2055. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. 2024 మే 13న అసెంబ్లీకీ, లోక్‌సభకీ కలిపి పోలింగ్ జరిగింది కాబట్టి ఎన్నికల ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి. ఆ పంపకం వాళ్ల వాళ్ల మధ్య లెక్క. 'కేంద్రం వాటా రాలేదు' అని ఎవరైనా అంటే, అది మీకు ఇవ్వకపోవడానికి కారణం కాదు.

ఎన్నికలప్పుడు ఆఫీసర్లు ఏసీ బిల్లు మీద ముందుగా డబ్బు డ్రా చేసి, తర్వాత ఓచర్లతో డీసీ బిల్లు పెట్టి లెక్క సరిచేస్తారు. డీసీ బిల్లులో మీ ఓచరు చేరిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. చేరకపోతే మీ పేరు మీద ప్రభుత్వ లెక్కల్లో బాకీయే లేనట్టు. మార్చి 31 దాటితే ఆ ఏడాది బడ్జెట్ మురిగిపోతుంది, తర్వాత మళ్లీ కొత్తగా మంజూరు తెచ్చుకోవాలి. ట్రెజరీకి వెళ్లి అడుగుతూ కూర్చోవడం వల్ల ఉపయోగం లేదు. డీడీఓ, అంటే బిల్లు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారం ఉన్న ఆఫీసర్, బిల్లు పెట్టకుండా ట్రెజరీ చేయగలిగింది ఏమీ లేదు.

బిల్లు పెట్టాం అంటే సీఎఫ్ఎంఎస్ (రాష్ట్ర ప్రభుత్వ బిల్లులు, చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) బిల్లు నంబరు అడగండి. నంబరు చెప్పలేకపోతే బిల్లు లేనట్టే లెక్క. నంబరు ఇస్తే, అది డీడీఓ దగ్గర ఉందా, ట్రెజరీలో ఉందా, పాసై చెల్లింపు కోసం ఆగిందా అన్నది ఆన్‌లైన్‌లో మీరే చూసుకోవచ్చు. జనవరిలో పడ్డ 1,50,000 కూడా ఇలాగే తవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ వివరం తీసుకుని, ఏ డీడీఓ, ఏ పద్దు నుంచి వచ్చిందో పట్టుకోండి. 2015 పద్దు నుంచి వస్తే దాన్ని షామియానా, నీళ్ల బాకీలోనే తగ్గించాలి, మెస్ బాకీలో కాదు. ఒకే బాకీదారు దగ్గర మీకు రెండు మూడు బిల్లులు ఉండి, డబ్బు దేనికో చెప్పకుండా వేస్తే, దాన్ని ఏ బిల్లు కింద జమ చేసుకోవాలో నిర్ణయించుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 60 మీకే ఇస్తుంది. పాత బిల్లు కింద ముందు జమ చేసుకుని, ఆ సంగతి ఒక ఉత్తరంలో రాసి పంపండి.

మూడో కుప్ప: వ్యాను. దీనికి చట్టంలో వేరే దారి ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951 సెక్షన్ 160 కింద ఎన్నికల పనికి, పోలీసు బలగాల్ని తిప్పడానికి వాహనాన్ని తీసుకోవచ్చు. సెక్షన్ 161 కింద ఆ ప్రాంతంలో నడిచే బాడుగ రేట్ల ఆధారంగా పరిహారం ఇవ్వాలి. తక్కువ కట్టారనిపిస్తే ఆర్బిట్రేటర్‌కి, అంటే పరిహారం ఎంతో తేల్చే మధ్యవర్తికి, పంపమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ఆ గడువు నెలల్లో ఉండదు, రోజుల్లో ఉంటుంది. రేటు చెప్పిన రోజునుంచే లెక్క మొదలు. ఇక్కడ దెబ్బతినేది లాగ్‌బుక్ దగ్గర. వ్యాను క్యాంపులో ఖాళీగా నిలబడ్డ రోజులు రాయించుకోరు, విడుదల తేదీ వేయించుకోరు. విడుదల కాగితం లేకపోతే చివరి ట్రిప్పు రోజుతోనే బాడుగ ఆపేస్తారు. వ్యాను ఫైనాన్సులో ఉంటే పరిహారం మీకెంత, ఫైనాన్సు వాళ్లకెంత అన్నది ఇద్దరి ఒప్పందం మీద ఉంటుంది, కాబట్టి వాళ్ల దగ్గర ముందే అభ్యంతరం లేదని కాగితం తెచ్చుకోండి.

చాలామంది పొరబడే చోటు ఒకటి. మండపం యజమాని కూడా ఇదే సెక్షన్ 160 కింద అద్దె అడుగుతుంటారు. భవనాల విషయంలో ఆ సెక్షన్ పోలింగ్ కేంద్రానికి, పోలింగ్ అయ్యాక పెట్టెలు దాచడానికి మాత్రమే. జవాన్ల బసకి వర్తించదు. ఆయన అద్దె రెండో కుప్పలోకే వస్తుంది. ఆయనకీ చెప్పండి.

ఆర్డరు కాగితం లేకపోతే ఎలా? ప్రభుత్వంతో ఒప్పందం చెల్లాలంటే రాజ్యాంగం 299వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి లేదా గవర్నర్ పేరు మీద, అధికారం ఉన్న ఆఫీసర్ సంతకంతో ఉండాలి. తహసీల్దారు ఫోన్లో చెప్పింది ఒప్పందం కాదు. ఇది చూపించే 'మీకు హక్కు లేదు' అంటారు. కానీ ఒప్పందం లేనంత మాత్రాన సరుకు ఊరికే ఇచ్చినట్టు కాదు. కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 70 సరిగ్గా ఇలాంటి వాళ్ల కోసమే ఉంది. మీరు చట్టబద్ధంగా ఒక పని చేశారు లేదా వస్తువు ఇచ్చారు, ఉచితంగా ఇచ్చే ఉద్దేశం లేదు, అవతలివాళ్లు వద్దనకుండా తీసుకుని అనుభవించారు. ఈ మూడూ రుజువైతే పరిహారం ఇచ్చి తీరాలి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం మీద బి.కె. మండల్ అండ్ సన్స్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆఫీసర్లు అడిగితే పౌర సరఫరాల శాఖకి గోదాములు కట్టి ఇచ్చిన కాంట్రాక్టరు కేసది. ఒప్పందం చెల్లకపోయినా డబ్బు ఇవ్వాల్సిందే అన్నారు.

అయితే ఒక మెలిక ఉంది. సెక్షన్ 70 కింద వచ్చేది మీరు చెప్పిన రేటు కాదు, ఆ రోజు ఆ చోట ఉన్న న్యాయమైన ధర. మీరు జనరేటర్‌కి రోజుకి 5,000 వేసి, మిగతా వాళ్లు 3,000కే ఇస్తుంటే 3,000 దగ్గరే ఆగుతుంది. కాబట్టి ధరకి సాక్ష్యం విడిగా పోగేయాలి. కూరగాయలకి రైతుబజారు రోజువారీ ధరల పట్టిక, షామియానాకి అదే నెలలో వేరే ఫంక్షన్లకి మీరే ఇచ్చిన బిల్లులు రెండు మూడు, జనరేటర్‌కి మీ ఊళ్లో మరో సప్లయర్ కొటేషన్. న్యాయమైన రేటు వేసుకుని అడిగినవాడి ఫైలు త్వరగా కదులుతుంది. 'ఎలాగూ కోస్తారు కదా' అని పెంచి వేస్తే మొత్తం మీద అనుమానం వస్తుంది.

కుళ్లిన కూరగాయల సంగతి. మే 15కి కావాలని మెస్ వాళ్లు ముందే చీటీ గానీ, సందేశం గానీ ఇచ్చి ఉంటే ఆ 38,000 సెక్షన్ 73 కింద నష్టంగా మెస్‌ని అడగొచ్చు. రోజూ తీసుకుంటున్నారు కదా అని మీరే అంచనా మీద తెచ్చి ఉంటే రాదు. పైగా, చీటీ ఉన్నా, మీరు ఆ సరుకుని అమ్ముకునే ప్రయత్నం చేశారని చూపించాలి. సంతలో అయినకాడికి అమ్మిన పట్టీ ఉంటే, వచ్చినంత తగ్గించి మిగతాది అడగండి. 2 రూపాయల వడ్డీ మాత్రం అదే సెక్షన్ కింద దూరపు నష్టం అవుతుంది. మీరు ఎక్కడ అప్పు తెచ్చారో ప్రభుత్వానికి తెలియదు కాబట్టి దాన్ని మోయదు. మీ బాధ నాకు అర్థమవుతుంది, 2 రూపాయలంటే ఏడాదికి నూటికి 24. కానీ దాన్ని దావాలో కలిపితే మిగతా దావాకి చెడ్డపేరు వస్తుంది.

వడ్డీ అసలే రాదని కాదు. వడ్డీ చట్టం, 1978 ప్రకారం, వడ్డీ అడుగుతూ మీరు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చిన తేదీ నుంచి కోర్టు వడ్డీ వేయొచ్చు. ఇప్పటిదాకా మీరు పెట్టిన అర్జీల్లో 'దయచేసి ఇప్పించగలరు' అని మాత్రమే ఉంటుంది. వడ్డీ అన్న మాట లేకపోతే అన్ని నెలలూ పోయినట్టే. ఈ వారమే ఒక్కో బాకీదారుకి విడివిడిగా, ఫలానా తేదీ నుంచి వడ్డీతో సహా చెల్లించాలని రాసి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపండి.

ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద మూడింతల వడ్డీ వస్తుందని మీకు ఎవరో చెప్పారన్నారు. ఆ చట్టం నిజమే. ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ శాఖ కొన్నా వర్తిస్తుంది, ఎంఎస్ఎంఈ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. కానీ మూడు అడ్డంకులున్నాయి. సరఫరాకి ముందే ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉంటేనే భద్రం, తర్వాత చేయించుకున్నది పాత సరఫరాకి పనికిరాదని అడ్డుపడతారు. కొని అమ్మే వ్యాపారులకి 2021లో ఉద్యమ్ నమోదు ఇచ్చినా అది బ్యాంకు రుణాల వరకే, ఈ వడ్డీ హక్కు వాళ్లకి లేదు, కాబట్టి కూరగాయల పద్దు పోతుంది. షామియానా, జనరేటర్ సేవ కింద నిలుస్తాయి. మూడోది, పోర్టల్ ఆర్డరు కాగితం అడుగుతుంది, మీ దగ్గర లేదు. అందుకని మీకు ఇది మొదటి దారి కాదు.

కాగితాలు బయటికి తీయడానికి సమాచార హక్కు దరఖాస్తు బాగా పనికొస్తుంది, ఎక్కడ పెట్టాలో తెలిస్తే. కేంద్ర సాయుధ బలగాలు ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. అవినీతి, మానవ హక్కుల ఆరోపణలు తప్ప మిగతా వాటికి జవాబు ఇవ్వక్కర్లేదు. బెటాలియన్‌కి పెట్టి నెల రోజులు పోగొట్టుకోకండి. మండల ఆఫీసుకి 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకి 10 రూపాయలు ఫీజు, 30 రోజుల్లో జవాబు. 'నా డబ్బు ఎందుకివ్వలేదు' అని రాయకూడదు, కాగితాలు అడగాలి. ఫలానా మండపంలో ఫలానా తేదీల్లో బస చేసిన కంపెనీ వివరాల కాపీ. ఆ బసకి పెట్టిన ఖర్చు ఓచర్ల కాపీలు. ఏసీ బిల్లు, దానికి పెట్టిన డీసీ బిల్లు కాపీలు. నా పేరు మీద నమోదైన బిల్లుల సీఎఫ్ఎంఎస్ నంబర్లు. ఈ నాలుగు చాలు. ఒక్కోసారి ఈ కాపీల్లోనే మీ సరుకు వేరే సప్లయర్ పేరు మీద ఓచరై ఉండటం బయటపడుతుంది. అలా ఉంటే అది బాకీ గొడవ మాత్రమే కాదు, వెంటనే కలెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చే అర్జీకి రసీదు నంబరు తీసుకోండి. అర్జీ ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదన్నది మాత్రం మరచిపోవద్దు.

ఇప్పుడు గడువు, దీన్ని జాగ్రత్తగా చదవండి. అరువు గడువు మాట్లాడుకోకుండా ఇచ్చిన సరుకుకి లిమిటేషన్ చట్టంలో ఇచ్చిన తేదీ నుంచి 3 ఏళ్లు. చివరి రోజు నుంచి కాదు, ఏ రోజు సరుకుకి ఆ రోజు నుంచే. అంటే మీ మొదటి రోజు సరుకుకి 2027 ఏప్రిల్ 18తో అయిపోతుంది. మధ్యలో బాకీదారు తరఫున అధికారం ఉన్నవాళ్లు బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఇస్తే ఆ తేదీ నుంచి మళ్లీ కొత్తగా 3 ఏళ్లు. కొంత చెల్లించి, ఆ చెల్లింపు వాళ్ల చేతిరాతలోనో సంతకంతోనో నమోదైతే అప్పుడూ అంతే. మీ 1,50,000 ఇందుకు పనికిరావచ్చు గానీ, ఖాతాలో పడ్డ ఎంట్రీ ఒక్కదాన్ని నమ్ముకోకండి. దాని వెనక సంతకం ఉన్న ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) కాపీ తెచ్చుకోండి. 'మీ బిల్లు పరిశీలనలో ఉంది' అన్న జవాబు బాకీ ఒప్పుకోలు కాదు, 'ఇంత మొత్తం చెల్లించాల్సి ఉంది, బడ్జెట్ రావాలి' అన్నది ఒప్పుకోలు. ఈ రెండు వాక్యాల తేడా మీద దావాలు నిలబడ్డాయి, పడిపోయాయి.

ప్రభుత్వం మీద దావా వేయాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు, తర్వాత 2 నెలలు ఆగడం తప్పనిసరి. ఆ 2 నెలలు గడువులోంచి మినహాయిస్తారు. రెండో, మూడో కుప్పలకి నోటీసు కలెక్టర్‌కి ఇవ్వొచ్చు. మెస్ బాకీకి కమాండెంట్ స్పందించకపోతే, కేంద్ర ప్రభుత్వాన్ని కూడా చేర్చాలనుకుంటే, కేంద్ర హోం శాఖ కార్యదర్శికి వేరే నోటీసు. నోటీసులో మీ పేరు, చిరునామా, వ్యాజ్యకారణం, అడుగుతున్న మొత్తం స్పష్టంగా ఉండాలి. దావాలో ప్రతివాది పేరు 'కలెక్టర్' అనో 'ఎస్పీ' అనో రాస్తే చిక్కు. ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవ్వాలి, కేంద్రమైతే యూనియన్ ఆఫ్ ఇండియా. 3 లక్షలు దాటిన వ్యాపార లావాదేవీ అయితే కమర్షియల్ కోర్టుల చట్టం కింద ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సి ఉంటుంది. ఈ లెక్క మీ వకీలు చూసుకోవాలి. బాకీని ముక్కలు చేశాక ఒక్కో ముక్క ఎంతవుతుందో అప్పుడే తెలుస్తుంది.

2022 ఏప్రిల్ 4 జిల్లాల విభజన మీ ఊరికి తగలదు గానీ, ఇది చదివే రాజాం, పాలకొండ, సీతంపేట వాళ్లకి తగులుతుంది. అంతకు ముందు సరఫరా అయితే ఫైలు పాత జిల్లాలో ఉందా, కొత్త జిల్లాకి బదిలీ అయిందా అన్నది నోటీసుకి ముందే తేల్చుకోవాలి. తుపాను సహాయక చర్యల్లో వాహనమో భవనమో తీసుకుంటే దారి వేరు. తిత్లీ లాంటి సమయంలో విపత్తు నిర్వహణ చట్టం, 2005 సెక్షన్ 65 కింద తీసుకుంటారు, సెక్షన్ 66 కింద పరిహారం, మొత్తం చాలకపోతే 30 రోజుల్లో ఆర్బిట్రేటర్ కోసం దరఖాస్తు. పద్దు 2245.

దావా దాకా వెళ్లే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు లేదు. పత్రాలు సరిగ్గా ఉండి, రేటు న్యాయంగా ఉంటే రెండో కుప్ప లాంటివి లోక్ అదాలత్‌లో తేలే అవకాశం ఎక్కువ. అక్కడ రెండు జాగ్రత్తలు. అవార్డులో మొత్తంతో పాటు ఏ తేదీలోగా చెల్లిస్తారో, ఆ తేదీ దాటితే ఎంత వడ్డీయో రాయించుకోండి. ఇక 'పూర్తిగా ముట్టింది' అన్న రసీదు మీద డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి. సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు పాసైందని చూపించి ముందే సంతకం అడుగుతారు, అప్పుడు పెట్టొద్దు.